నేలకు పెట్టే పళ్ళెం: ఆండీస్ నైవేద్యాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పెరూ, బొలీవియా కొండపల్లెల్లో పచమామకు, అంటే భూదేవికి, ఆగస్టులోనే పెద్ద నైవేద్యం పెడతారట. ఆ నెలే ఎందుకు?

ఆగస్టు అక్కడ చలికాలం చివర. కోతలు అయిపోయి పొలం బీడుగా ఉంటుంది, కొత్త విత్తనం ఇంకా పడదు. ఆ రోజుల్లో నేల నోరు తెరుచుకుని ఉంటుందని, ఆకలి మీద ఉంటుందని కెచువా, ఐమారా రైతుల నమ్మకం. దున్నే ముందు దాని కడుపు నింపాలి. లేకపోతే పశువునో, మనిషి ఆరోగ్యాన్నో నేలే తీసుకుంటుందంటారు. ఇక చిన్న మొక్కులు ఏడాది పొడవునా ఉంటాయి. చిచా అనే మొక్కజొన్న బీరు తాగబోయే ముందు రెండు చుక్కలు నేల మీద ఒలకబోస్తారు, దాన్ని చల్యా అంటారు.

ప్రశ్న: డెస్పాచో అనే పొట్లంలో ఏమేమి పెడతారు? ఎలా కడతారు? తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది?

ముందు నేసిన గుడ్డ పరిచి, దాని మీద తెల్ల కాగితం వేస్తారు. పళ్ళెం ఆ కాగితమే. మధ్యలో ఒక ఆల్చిప్ప పెట్టడం పెరూలోని కుస్కో ప్రాంతంలో ఎక్కువ. దాని చుట్టూ కింతులు పేరుస్తారు.

అసలు పని కింతు దగ్గరే ఉంది. కింతు అంటే మూడు కోకా ఆకులు. గుప్పెడు ఆకులు తీసి ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూస్తారు. కొన విరిగినా, అంచు చిరిగినా, పురుగు కొట్టినా పక్కన పడేస్తారు. మంచి ఆకులు దొరికాక నిగనిగలాడే ముదురుపచ్చ వైపు పైకి ఉండేలా విసనకర్రలా అమర్చి, కాడల దగ్గర వేళ్ళతో పట్టుకుని, నోటి దగ్గరకు తెచ్చి మెల్లగా ఊదుతారు. ఊదుతూ ఔసంగాతే వంటి కొండదేవతలను, అంటే అపులను, పేరు పెట్టి పిలుస్తారు. కోరిక వెళ్ళేది ఆ ఊపిరితోనే. పన్నెండు కింతులు పెట్టడం మామూలే గాని, లెక్క పాకోను బట్టి మారుతుంది. పాకో అంటే ఈ క్రతువు చేయించే పెద్ద.

ఆ తర్వాత ఎరుపు, తెలుపు కార్నేషన్ రేకులు, మొక్కజొన్న గింజలు, రంగురంగుల చక్కెర బిళ్ళలు, సాంబ్రాణి, బంగారు వెండి రేకు కాగితాలు వేస్తారు. గురివింద గింజల్లా ఎరుపు నలుపుల్లో ఉండే వైరూరో గింజలు కూడా ఉంటాయి. ఒంటె జాతికి చెందిన లామా అనే జంతువు ఛాతీ కొవ్వు మాత్రం తప్పనిసరి. తినే దేవతకు బలం అందులోనే ఉందంటారు, మంట బాగా అందుకునేదీ దానివల్లే. చివర కొద్దిగా ద్రాక్షసారా చిలకరించి, కాగితాన్ని నాలుగు వైపుల నుంచి మడిచి ఉన్నిదారం చుడతారు.

చాలాచోట్ల రాత్రిపూట కాలుస్తారు. మంట చల్లారి నిప్పులు ఎర్రగా కణకణలాడేటప్పుడు పొట్లం పెట్టాలి. రేకులూ సారా ఎక్కువైతే లోపల తడి నిలిచి, పైకాగితం మాడినా మధ్యభాగం పచ్చిగానే ఉండిపోతుంది. అలా మిగిలితే దేవత తినలేదని అర్థం. నిప్పును కెలకరు, పొట్లం వైపు చూస్తూ కూర్చోరు. అతిథి భోంచేస్తుంటే పక్కన నిలబడి చూడకపోవడం మర్యాద కదా! తెల్లారాక బూడిద చూస్తారు. తెల్లగా, మెత్తగా ఉంటే స్వీకరించినట్టు. నల్లగా ముద్దలు కనిపిస్తే మళ్ళీ మొదటి నుంచీ చేయాలి.

చూసి నేర్చుకుని ఇంటికి వెళ్ళి చేద్దామనుకునే యాత్రికులకు ఒక మాట. పెరూ, బొలీవియాల్లో కోకా ఆకు కొనడం చట్టబద్ధమే గాని, చాలా దేశాల్లో అది నిషిద్ధం. విమానాశ్రయంలో దొరికితే కేసు అవుతుంది.

ప్రశ్న: బొలీవియాలోని లా పాజ్ బజారులో ఎండిన లామా పిండాలు వేలాడుతుంటాయి. వాటికోసం తల్లులను చంపుతారా?

వాటిని సుల్యు అంటారు. చలికీ జబ్బుకీ ఈసుకుపోయిన పిండాలు కొన్ని, మాంసానికి కోసిన లామాల కడుపులో దొరికినవి కొన్ని. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో పాతడానికి కొంటారు.

బతికున్న జంతువునే ఇచ్చే బలి వేరు, ఐమారాలు దాన్ని విలంచా అంటారు. మాంసం ఉప్పు లేకుండా వండుకుని తిన్నాక ఎముకలన్నీ ఒక్కటీ విరక్కుండా ఏరి కాలుస్తారు లేదా పాతిపెడతారు. విరిగితే మందలో కొత్త పిల్ల సరిగా పుట్టదని భయం. కోకా ఆకు కొన విరగకూడదన్న పట్టింపే ఇక్కడ ఎముక మీదికి వచ్చింది.

స్పెయిన్ వాళ్ళు రాకముందు ఆండీస్‌ను ఏలిన ఇంకా రాజుల కాలంలో బలి జంతువు రంగు కూడా చూసేవారు. సూర్యుడికి తెల్లది, సృష్టికర్త విరాకోచాకు గోధుమరంగుది ఇచ్చేవారని స్పానిష్ పాదిరీ బెర్నాబే కోబో రాశాడు. పెరూ దక్షిణ తీరంలోని తంబో వియేహోలో 2018లో నాలుగు లామాలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. చెవులకు రంగు దారాలు, కాళ్ళు మడిచి కట్టి ఉన్నాయి, గొంతు మీద కోత లేదు. ప్రాణంతోనే పాతి ఉండవచ్చని తవ్విన పరిశోధకుల అంచనా.

ప్రశ్న: ఇంకాలు పిల్లల్ని బలిచ్చేవారన్నది నిజమా, స్పెయిన్ వాళ్ళు కట్టిన కథా?

నిజమే. ఆ క్రతువు పేరు కపకోచా. చక్రవర్తి గద్దెనెక్కినప్పుడు, జబ్బు పడినప్పుడు, చనిపోయినప్పుడు చేసేవారు. పుట్టుమచ్చ కూడా లేని పిల్లల్ని ఎంచేవారని రాతలు చెబుతాయి. అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని 6,739 మీటర్ల యుయైయాకో శిఖరం మీద 1999లో యోహాన్ రైన్‌హార్డ్, కాన్‌స్టాంజా చెరూటీ బృందానికి ముగ్గురు పిల్లలు గడ్డకట్టిన స్థితిలో దొరికారు. పెద్దమ్మాయికి పదమూడేళ్ళు, మిగిలిన ఇద్దరికీ నాలుగైదేళ్ళు.

ఆ అమ్మాయి చివరి రోజులు ఆమె జుట్టులోనే ఉన్నాయి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, కుదురు నుంచి కొన వైపు ముక్కలుగా పరీక్షిస్తే నెలనెలా ఏం తిన్నదో తెలుస్తుంది. చనిపోవడానికి ఏడాది ముందు నుంచీ కోకా బాగా పెరిగింది, చివరి వారాల్లో మద్యం మరీ పెరిగిందని 2013లో ప్రచురించిన పరీక్షలు చూపాయి. నోట్లో కోకా ఉండ అలాగే ఉంది. మత్తులో, చలిలో ప్రాణం పోయి ఉంటుంది. అందరి చావూ ఇంత నెమ్మదిగా జరగలేదు. పెరూలోని అంపాతో అనే కొండ మీద 1995లో దొరికిన హువానితా అనే అమ్మాయి తల మీద దెబ్బతో చనిపోయింది. దీన్ని పవిత్రమన్న ఒక్క మాటతో దాటేయడం ఆ పిల్లలకు అన్యాయమే.

స్పెయిన్ పాలనతో కపకోచా ఆగిపోయింది. ఇప్పటి డెస్పాచో చూసి దాన్ని ఊహించుకోకండి.

ప్రశ్న: అంత ఎత్తు కొండల్లోకి సముద్రపు గవ్వ ఎందుకు?

ఊటలు సముద్రపు కూతుళ్ళని ఇంకాల నమ్మకం, అందుకే వాటికి తల్లి ఇంటి వస్తువు ఇచ్చేవారు. అందులో ఎర్రటి స్పాండిలస్ ఆల్చిప్పది మొదటి స్థానం, కెచువాలో ముల్యు. ఈక్వడార్ వైపు వెచ్చని సముద్రాల్లోనే దొరుకుతుంది, మునిగి తీయాలి. పెరూ, బొలీవియా సరిహద్దులోని టిటికాకా సరస్సు అడుగున దొరికిన ఒక రాతిపెట్టె వివరాలు 2020లో ప్రచురితమయ్యాయి. నీళ్ళలోకి దించడానికి తాళ్ళు పట్టేలా పక్కల గాడులు తీసి ఉన్నాయి. మూత తీస్తే చిన్న బంగారు రేకు చుట్ట ఒకటి, దాని పక్కన ముల్యుతో చెక్కిన బొటనవేలంత లామా బొమ్మ ఒకటి.