ఆ జంగిల్ కార్బైన్‌కి డబ్బు కట్టే ముందు

చిన్నా,

నువ్వు కొందామనుకుంటున్న ఆ జంగిల్ కార్బైన్ (పొట్టి సైనిక రైఫిల్) ఫోటోలు నిన్న రాత్రి మీ పెద్దమ్మ పడుకున్నాక ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. కర్ర బాగుంది, ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది, కానీ నాకు కావలసిన ఫోటో ఒక్కటీ లేదు. గొట్టం చివర, పేల్చినప్పుడు మంట కనబడకుండా గరాటులా ఉండే ఫ్లాష్ హైడర్‌ని మాత్రం నాలుగు వైపుల నుంచీ తీశావు. అందరూ ఆ గరాటు చూసే పడిపోతారు. నేనూ పడ్డాను, అమెరికా వచ్చిన కొత్తల్లో ఒక గన్ షోలో, నకిలీ దానికి అసలు దాని ధర మొత్తం ఇచ్చి. ఇంటికొచ్చి విప్పి చూసేదాకా తెలియలేదు, ఆ డబ్బు ఇక తిరిగి రాలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు జంగిల్ కార్బైన్ అంటే బ్రిటిష్ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్లో పొట్టి రకం, నంబర్ 5 మార్క్ 1. ఇంగ్లండులో ఫజాకర్లీ ప్రభుత్వ కర్మాగారంలోనూ షర్లీలో బీఎస్ఏ తుపాకుల కంపెనీ దగ్గరా చేశారు, 1944 నుంచి 1947 దాకా, అంతే. యుద్ధం అయిపోయాక మిగిలిన లీ-ఎన్‌ఫీల్డులు కుప్పలు కుప్పలుగా అమెరికాకి చవగ్గా వచ్చిపడ్డాయి. కాలిఫోర్నియా పాసడీనాలో గోల్డెన్ స్టేట్ ఆర్మ్స్ వాళ్లు మామూలు రైఫిళ్లని పొట్టిచేసి, గరాటు తగిలించి, శాంటా ఫే పేరుతో జంగిల్ కార్బైన్ అని అమ్మారు. వాళ్లు తమ పేరే పెట్టుకుని అమ్మారు, అందులో మోసం లేదు. కానీ ఆ తుపాకులు నలుగురి చేతులు మారేసరికి 'బర్మా అడవుల్లో తిరిగినది' అనే కథ వచ్చి అతుక్కుంటుంది. కథ వినకు, ఇనుము చూడు.

ఎలా చూడాలంటే, రిసీవర్ (గొట్టం వెనక, బోల్టు కదిలే ఇనుప భాగం) ఎడమ పక్కన నంబర్ 5 మార్క్ 1 అని చెక్కి ఉందా? నంబర్ 4 (మామూలు పొడుగు లీ-ఎన్‌ఫీల్డ్) అని ఉంటే కథ అక్కడితో సరి. బోల్టు (తూటాని లోపలికి నెట్టే కడ్డీ) పిడి గుండు కింద వేలు పెట్టి చూడు, అసలు దానికి బరువు తగ్గించడానికి గుంట తొలిచి ఉంటుంది. గురి చూసే వెనక సైట్ మీద అంకెలు 800 గజాలతో ఆగాలి, 1300 దాకా ఉంటే అది నంబర్ 4 నుంచి వచ్చిన సైట్. వీటన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. అమ్మేవాడు ఒప్పుకుంటే పైన కర్ర తొడుగు తీయించి, గొట్టం రిసీవర్‌లోకి దిగే చోట టార్చి వేసి చూడు. అసలుదైతే అక్కడ ఇనుముని చెంచాతో తీసినట్టు పక్కలకి చెక్కేసి ఉంటుంది. గరాటు ఎవడైనా తగిలించగలడు గానీ, ఇంట్లో కూర్చుని ఈ చెక్కుడు పనికి ఎవడూ దిగడు. తొడుగు తీయనివ్వనంటే దణ్ణం పెట్టి వచ్చెయ్.

ఇక నా మనసులో మాట. మార్చిన తుపాకీ అంటే విలువ లేనిదని ఇక్కడ చాలామంది తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. ఎవరు మార్చారు, దేనికి మార్చారు అన్నది చూడాలి. నా దగ్గరున్న వాటిలో నాకు ప్రాణమైనది బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో మార్చిన ఫోర్ టెన్ (.410 కొలత) మస్కెట్. పాత త్రీ నాట్ త్రీ రైఫిల్నే తీసుకుని, నున్నటి గొట్టం పెట్టి, మ్యాగజైన్ ఉండే చోట ఒక చెక్క దిమ్మ బిగించారు, ఒకసారికి ఒకే తూటా. పోలీసులకి, జైలు కాపలావాళ్లకి ఇవ్వడానికి చేసినది. నాదాని మీద కిరీటం, జి.ఆర్.ఐ. (జార్జ్ చక్రవర్తి పేరు పొడి అక్షరాలు), ఇషాపూర్ అని ముద్ర ఉంటుంది. స్వాతంత్ర్యం తరవాత వాటి మీద కిరీటం పోయి నాలుగు సింహాలు వచ్చాయి. చిన్నప్పుడు మా ఊరి ట్రెజరీ మెట్ల మీద కానిస్టేబుల్ ఒళ్లో పెట్టుకున్న తుపాకీని దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ ముద్ర మీద వేలు పెడితే ఆ మెట్లే గుర్తొస్తాయి. అలాంటి మస్కెట్ కొనేటప్పుడు ఒకటే చూడు, ఇక్కడ కొట్లో దొరికే ఫోర్ టెన్ తూటా దాంట్లో పట్టిందంటే ఎవరో తరవాత చాంబర్‌ని, అంటే తూటా కూర్చునే చోటుని, రీమర్‌తో తొలిచి పెద్దది చేశారన్నమాట. అసలు చాంబర్ త్రీ నాట్ త్రీ కేసుతో (తూటా గుల్లతో) చేసిన తూటాకి సరిపోయేలా ఉంటుంది. అలాగని అందులో మామూలు త్రీ నాట్ త్రీ తూటా ఎప్పుడూ పెట్టకు, ప్రాణం మీదకొస్తుంది.

ఇషాపూర్ 2ఎ, 2ఎ1 రైఫిళ్లు కనిపిస్తే, పాత త్రీ నాట్ త్రీని 7.62 ఎంఎం తూటాకి మార్చారని చెబుతారు. తప్పు. 1962 చైనా యుద్ధం తరవాత ఇంకా గట్టి ఉక్కుతో కొత్తగానే చేశారు. పలకల్లాంటి మ్యాగజైన్ చూస్తేనే తెలిసిపోతుంది. కాకపోతే వీటిని కూడా ఇక్కడ కోసి కార్బైన్లు చేశారు, అది వేరే సంగతి.

ఏది కొన్నా గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (బోల్టుకీ తూటాకీ మధ్య ఖాళీ) చూపించకుండా పేల్చకు. డీపీ (డ్రిల్ పర్పస్) అని ముద్ర ఉంటే అది కవాతుకి పనికొచ్చేదే, గోడకి పెట్టుకో. సైన్యం దగ్గర మిగిలిన పాత సర్‌ప్లస్ తూటాలు కాలిస్తే ఆ రోజే గొట్టంలో వేడినీళ్లు పోసి కడుగు, రేపటికి వదిలేస్తే తుప్పు పట్టేస్తుంది.

గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి నీకు కొనడానికి అడ్డులేదు. నీ రూమ్మేట్ ఇంకా హెచ్1బీ మీద ఉన్నాడు కదా, వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా అతను తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం, కాబట్టి తాళంచెవి నీ దగ్గరే ఉండాలి. పాత తుపాకులు సేకరించేవాళ్లకి ఇచ్చే కలెక్టర్ లైసెన్సు తీసుకో, మూడేళ్లకి 30 డాలర్లు. అయితే 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవే మామూలుగా దాని కిందికి వస్తాయి, ఎవరో గరాజ్‌లో కోసేసినవి రావు. ఊరికి తీసుకెళ్లే ఆలోచన మాత్రం వద్దు. మన దగ్గర .303 మామూలు జనానికి నిషేధించిన బోర్ (గొట్టం కొలత), ఇషాపూర్ వాళ్లు జనానికి .315 చేసి అమ్మేది అందుకే.

శనివారం మళ్లీ వెళ్తావుగా. రిసీవర్ ఎడమ పక్క, బోల్టు గుండు కింద, వెనక సైట్, ఈ మూడు ఫోటోలు తీసి పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

పెద్దనాన్న