జర్మనీ తన వలస పాలన గతాన్ని ఒప్పుకునేలా పౌర సంఘాలు ఏం చేశాయి?

చాలావరకు వీధి పేర్లతోనే మొదలుపెట్టాయి. బెర్లిన్‌లోని వెడ్డింగ్‌లో 'ఆఫ్రికన్ క్వార్టర్' అనే పేట ఉంది. అక్కడ ఒక వీధికి తూర్పు ఆఫ్రికాలో క్రూరత్వానికి పేరుమోసిన కార్ల్ పీటర్స్ పేరు ఉండేది. గొడవ పెరిగాక 1986లో అధికారులు ఓ ఉపాయం పన్నారు. పేరు మార్చలేదు. బోర్డు కింద చిన్న పలక తగిలించి, ఈ పీటర్స్ నాజీలను ఎదిరించిన హాన్స్ పీటర్స్ అన్నారు! బోర్డు అదే, మనిషి మాత్రం మారాడు.

బెర్లిన్ పోస్ట్‌కలోనియల్ లాంటి సంఘాలు, నల్లజాతి జర్మన్లు వదల్లేదు. ఆ వీధుల్లో జనాన్ని తిప్పి చరిత్ర చెప్పారు, ఏళ్లపాటు ఆందోళన చేశారు. నమీబియాలో జర్మన్ వలసకు పునాది వేసిన వ్యాపారి ల్యూడెరిట్జ్ పేరున్న వీధి 2022లో కొర్నేలియస్ ఫ్రెడెరిక్స్ వీధి అయింది. ఆయన నామా తెగ నాయకుడు. నమీబియాలో ల్యూడెరిట్జ్ పట్టణం పక్కనున్న షార్క్ ఐలాండ్ నిర్బంధ శిబిరంలో 1907లో చనిపోయాడు. పీటర్స్ వీధి పేరు 2024లో గానీ పోలేదు.

1904-08లో అప్పటి తన వలస అయిన నమీబియాలో హెరెరో, నామా ప్రజలపై జరిగింది జాతి హననమేనని 2021లో జర్మన్ ప్రభుత్వం ఒప్పుకుంది, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. కానీ దాన్ని నష్టపరిహారం అనలేదు. చర్చల్లో తమను సరిగా కూర్చోబెట్టలేదని ఆ తెగల సంఘాలు చాలా మండిపడ్డాయి. నా లెక్కలో వాళ్ల కోపం న్యాయమే. వలస కాలంలో జర్మనీకి తీసుకెళ్లిన ఆ ప్రజల పుర్రెలు మాత్రం 2011 నుంచి విడతలవారీగా నమీబియాకు తిరిగి వెళ్లాయి.