చదివేసిన రెండేళ్లను లెక్కలోంచి తీసేసి ఆలోచించండి

ప్రశ్న: మా అబ్బాయి అకౌంటింగ్ డిగ్రీలో రెండేళ్లు పూర్తి చేశాడు. ఇంకో ఏడాది ఉండగా మానేసి యానిమేషన్ కోర్సులో చేరతానంటున్నాడు. ఆ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్ల ఇంటర్వ్యూలు ఒకటే పనిగా చూస్తున్నాడు. ఏడాదిన్నరలో ఉద్యోగం తెచ్చుకుంటానని ధీమాగా చెబుతున్నాడు. రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు అవుతుందని మా బాధ. ఎంత చెప్పినా వినడం లేదు. తన ఆలోచనలో తప్పు ఎక్కడుందో తనకి అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆలోచనలో లోపాలు ఉన్నాయి. వాటి దగ్గరికి వస్తాను. కానీ మీ ఉత్తరంలోనూ ఒకటి ఉంది. ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

రెండేళ్ల కష్టం వృథా అవుతుందంటున్నారు. మీ అబ్బాయి కోర్సు పూర్తి చేసినా, ఈ రోజే మానేసినా ఆ రెండేళ్లు మాత్రం తిరిగి రావు. ఇలా అయిపోయిన ఖర్చుని తీసుకొచ్చి ఇప్పటి నిర్ణయంలో కలపడాన్ని సంక్ కాస్ట్ పొరపాటు అంటారు. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులను ఇలా ఊహించుకోమన్నారు: స్కీయింగ్ యాత్ర ఒకదానికి 100 డాలర్లు పెట్టి టికెట్ కొన్నారు, తర్వాత 50 డాలర్లకి ఇంకో యాత్ర టికెట్ కొన్నారు. రెండోదే ఎక్కువ సరదాగా ఉంటుందని మీకు అనిపిస్తోంది. తీరా చూస్తే రెండూ ఒకే రోజుల్లో పడ్డాయి, టికెట్లు వాపసు ఇవ్వడానికి లేదు. ఎటు వెళ్తారు? సగానికి పైగా 100 డాలర్ల యాత్రకే వెళ్తామన్నారు. రెండు టికెట్ల డబ్బూ అప్పటికే పోయింది. మిగిలింది ఆ రోజులు ఎక్కడ బాగా గడుస్తాయన్న ప్రశ్న ఒక్కటే. అయినా ఎక్కువ పెట్టినదాన్ని వదులుకోవడానికి మనసు రాలేదు.

డిగ్రీ పూర్తి చేయమనడం తప్పని నేను అనడం లేదు. పూర్తి చేయడమే మంచిదేమో కూడా. అయితే దానికి కారణం గడిచిన రెండేళ్లలో కాకుండా రాబోయే ఏడాదిలో దొరకాలి. మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఈ రోజే ఎవరో వచ్చి, ఒక్క ఏడాది చదివితే అకౌంటింగ్ డిగ్రీ వస్తుంది, చేరతారా అని మీ అబ్బాయిని అడిగారనుకోండి. చేరమంటారా? అవునంటే ఎందుకో రాయండి. డిగ్రీ అడిగే ఉద్యోగాలకి అర్హత, పై చదువులకి దారి, యానిమేషన్ కుదరకపోతే పట్టుకోవడానికి ఒక ఆధారం. ఇవన్నీ గట్టి కారణాలే, మీ అబ్బాయి కూర్చుని వినగలిగినవి. "ఇంత చదివాక మానేస్తావా" అన్న మాటలో మాత్రం తనకి వినిపించేది నింద. ఇరవై ఏళ్ల పిల్లలు నిందకి సమాధానంగా ఇంకా బిగుసుకుంటారు.

ఇక మీ అబ్బాయి విషయం. ఇంటర్వ్యూలు చూసి ఒక రంగాన్ని అంచనా వేయడంలో పెద్ద చిక్కుంది. చదువు మధ్యలో వదిలేసి ధైర్యం చేశాను, అందుకే ఇక్కడున్నాను అని గెలిచినవాళ్లు చెబుతారు. అదే ధైర్యం చేసి నిలదొక్కుకోలేనివాళ్లను ఎవరూ కెమెరా ముందు కూర్చోబెట్టరు. రెండు గుంపుల్లోనూ ధైర్యం ఉన్నప్పుడు గెలుపుకి కారణం ధైర్యమేనని ఎలా అనగలం? పైగా చూసిన ముఖాలు, విన్న కథలు చటుక్కున గుర్తొస్తాయి. చటుక్కున గుర్తొచ్చేది తరచుగా జరుగుతుందని మనసు నమ్మేస్తుంది. దీన్ని అవైలబిలిటీ అనే పేరుతో 1973లో ఏమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. కానమన్‌కి 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఏడాదిన్నర అన్న అంచనాని కూడా అనుమానించాలి. 1994లో ప్రచురించిన ఒక పరిశోధనలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పడుతుందంటే 49 అన్నారు. నిజంగా పట్టింది 55. చెడ్డ అంచనా కూడా చాల్లేదు! మీ అబ్బాయి చేయాల్సిన పని తేలికే. తన ప్లాన్ మీద కాకుండా, తను చేరాలనుకుంటున్న కోర్సులో అంతకుముందు బ్యాచ్‌ల వాళ్ల మీద లెక్క వేసుకోవాలి. చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేశారు, మొదటి ఉద్యోగం ఎన్ని నెలలకి వచ్చింది, ఏ పనిలో వచ్చింది అని ఆ సంస్థని అడగాలి. ఆ సంస్థ చూపించే పేర్లతో సరిపెట్టుకోకుండా పూర్వ విద్యార్థులను తనే వెతికి పట్టుకుని కూడా అడగాలి.

ఇక్కడ మీరు, సరే, ఇవన్నీ వాడికి చదివి వినిపిస్తానంటారేమో. దయచేసి అలా చేయకండి. మన పక్షపాతాల కన్నా ఎదుటివాళ్ల పక్షపాతాలు మనకి బాగా కనిపిస్తాయని 2002లో ఎమిలీ ప్రోనిన్, ఆమె సహచరులు చూపించారు. వాటి గురించి చదివినంత మాత్రాన ఈ గుణం పోదు. వాదనలో విసరడానికి కొత్త పేర్లు దొరుకుతాయంతే. నిష్పక్షపాతంగా ఆలోచించు అని చెప్పడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు. చార్లెస్ లార్డ్ అనే పరిశోధకుడి బృందం 1984లో కొందరికి అధ్యయనాలు చదవడానికిచ్చి దీన్ని పరీక్షించి చూసింది. ఆ సలహా అందుకున్నవాళ్లలో మార్పు రాలేదు. "ఇదే అధ్యయనం నీ నమ్మకానికి వ్యతిరేకంగా తేలి ఉంటే దాన్ని ఇలాగే మెచ్చుకునేవాడివా" అని తమను తాము ప్రశ్నించుకున్నవాళ్లలో వచ్చింది.

మీ ఇద్దరికీ పనికొచ్చేది ఇదే అని నా గట్టి నమ్మకం. పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో చేసిన ప్రయోగం ఒకటుంది. 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనకున్న నియమం కనిపెట్టమన్నాడు. మీకు నచ్చిన మూడు అంకెలు చెప్పండి, నియమానికి సరిపోతాయో లేదో నేను చెబుతాను అన్నాడు. చాలామంది 8, 10, 12 లాంటివి చెప్పి, అవునన్న జవాబు విని, రెండేసి పెరిగే సరి సంఖ్యలని తేల్చేశారు. అసలు నియమం వరసగా పెరిగే ఏ మూడు అంకెలైనా సరే. 1, 2, 3 అని ఒక్కసారి అడిగి ఉంటే తమ ఊహ తప్పని తెలిసేది. అవునని వచ్చే ప్రశ్నలే అడిగారు కాబట్టి తెలియలేదు.

మీ ఇంట్లోనూ జరుగుతున్నది ఇదే. యానిమేషన్‌ని ప్రేమించేవాళ్లను మీ అబ్బాయి అడుగుతున్నాడు. డిగ్రీ పూర్తి చేసి స్థిరపడినవాళ్లను మీరు అడుగుతున్నారు. కొన్నాళ్లు ఇద్దరూ తారుమారు అవ్వండి. ఆ రంగంలోకి వెళ్లి బయటికి వచ్చేసినవాళ్లతో మీ అబ్బాయి మాట్లాడాలి. చదువు మధ్యలో దారి మార్చుకుని నిలదొక్కుకున్నవాళ్లతో మీరు మాట్లాడాలి. దానికంటే ముందు, ఏది వింటే నా మనసు మారుతుంది అన్నది ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసి తేదీ వేయాలి. తర్వాత రాస్తే, విన్నదానికి తగ్గట్టు షరతులు జరుపుకుంటాం. ఏదీ నా మనసు మార్చదు అని ఎవరైనా రాస్తే అది కూడా తెలియాల్సిన విషయమే. అప్పుడు యానిమేషన్, అకౌంటింగ్ సంగతి కాదు, అసలు భయం ఏమిటో మాట్లాడుకోవాలి.

మనసుకి నచ్చింది చేయమంటారు కదా, అది వినకూడదా అని మీ అబ్బాయి అడగవచ్చు. వినాలి. మనసు చటుక్కున తేల్చేసే ఈ అడ్డదారి ఆలోచనలు రోజువారీ జీవితంలో మనకి చాలాసార్లు సరైన దారే చూపిస్తాయి. అయితే ఒక పనిని ఎన్నోసార్లు చేసి, ప్రతిసారీ ఫలితం చూసినవాళ్ల మనసు చెప్పే మాటకి బలం ఎక్కువ. జీవితంలో ఒకటి రెండుసార్లు చేసే కెరీర్ ఎంపికలో అలాంటి సాధన ఎవరికీ ఉండదు, మీ అబ్బాయికీ లేదు, మీకూ లేదు. అందుకే ఊహతో ఆపేయకుండా పనిలో వేలు పెట్టి చూడాలి. సెలవుల్లో పది సెకన్ల యానిమేషన్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా తనే పూర్తి చేయమనండి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఎంత సాఫ్ట్‌వేర్ సాయం ఉన్నా, ఒక పాత్ర చేయి ఎత్తే తీరుని మళ్లీ మళ్లీ దిద్దడమే ఆ వృత్తిలో ఎక్కువ భాగం. అయిపోయాక ఆ రంగంలో పనిచేసే ఒకరికి చూపించి, వాళ్లు చెప్పిన సవరణలు కూడా చేయాలి. సవరణల దగ్గర తన ఓపిక ఎలా ఉందో చూస్తే, వంద ఇంటర్వ్యూల్లో దొరకని సంగతి తనకే తెలుస్తుంది.

ఈలోగా మీరు కాలేజీ ఆఫీసుకి వెళ్లి రెండు విషయాలు కనుక్కోండి. ఒక ఏడాది విరామం తీసుకుని తిరిగి చేరే వీలుందా, పూర్తయిన సబ్జెక్టుల మార్కులు ఎంతకాలం చెల్లుతాయి? ఆ వీలుంటే లిఖితపూర్వకంగా తీసుకోండి. తిరిగి రావడానికి దారి ఉందని తెలిస్తే మీ ఇద్దరికీ టెన్షన్ సగం తగ్గుతుంది, మాట్లాడుకోవడం తేలికవుతుంది. దారి లేదంటే మాత్రం చివరి ఏడాది పూర్తి చేసుకుంటూ, సాయంత్రాలు యానిమేషన్ నేర్చుకోమనే నా సలహా.