కళ్లలో నీళ్లు కారుతుంటే పొడిబారాయంటారేంటి డాక్టర్?

ప్రశ్న: నా వయసు 36. మాది ప్రొద్దుటూరు. తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. రెండేళ్లుగా కళ్లలో ఇసుక పడినట్టు గరగర, మంట. బండి మీద వెళ్తుంటే నీళ్లు ధారగా కారతాయి. డాక్టరేమో కళ్లు పొడిబారాయన్నారు. మూడు రకాల డ్రాప్స్ మార్చాను. మెడికల్ షాపులో ఇచ్చిన వేరే చుక్కలు వేసుకుంటే మాత్రం రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది, మానేస్తే మళ్లీ మామూలే. తుమ్ములకు రోజూ సెట్రిజిన్ వేసుకుంటాను. దీనికి శాశ్వత చికిత్స లేదా? లేజర్ ఏదో ఉందంటున్నారు, చేయించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ మెడికల్ షాపు సీసా మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. రెండ్రోజుల్లో ఎరుపు, మంట తగ్గించడం దానికి తేలికే. నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతినే గ్లకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. ఒత్తిడి పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు, అదే అసలు చిక్కు. నేనూ స్టెరాయిడ్ చుక్కలు రాస్తాను. రెండు మూడు వారాలకు, ఒత్తిడి చూసుకుంటూ. ఈ వారంలోనే మీ కంటి ఒత్తిడి చూపించుకోండి.

ఇక నీళ్ల సంగతి. కన్నీరంటే ఉత్త నీరు కాదు. రెప్పల అంచుల్లో వరసగా చిన్న చిన్న నూనె గ్రంథులుంటాయి. మైబోమియన్ గ్రంథులంటాం. చారు మీద నెయ్యి తేలినట్టు ఆ నూనె కన్నీటి మీద పల్చగా పరుచుకుని, నీరు ఆరిపోకుండా కాపాడుతుంది. గ్రంథులు మూసుకుపోతే ఆ పొర ఉండదు. గాలి తగలగానే కన్ను ఆరి మండుతుంది, ఆ మంటకు నీళ్లు ఒక్కసారిగా ఊరతాయి. నూనె లేని ఆ నీళ్లు చెంప మీదికి జారిపోతాయే గానీ కంటిని పట్టుకుని ఉండవు. మీ డాక్టరు చెప్పింది నిజమే.

అయితే మీది ఏ రకం పొడి? నీరే తక్కువా, నూనె తక్కువా? మీరు రాసినదాన్ని బట్టి నాకు నూనె మీదే అనుమానం. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు చూస్తారు. 5 మి.మీ. కూడా తడవకపోతే నీరు బాగా తక్కువన్నమాట. రంగు వేసి కన్నీటి పొర ఎన్ని సెకన్లలో చెదురుతుందో కూడా చూస్తారు. రెప్ప అంచు నొక్కితే వంటనూనెలా పల్చగా రావాల్సింది టూత్‌పేస్టులా వస్తే జవాబు దొరికినట్టే. ఈ పరీక్షలు చేయించకుండా నాలుగో రకం డ్రాప్స్ కొనకండి.

నూనె గ్రంథులదే సమస్యయితే అన్నిటికంటే ముఖ్యం వేడి కాపడం. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, మణికట్టు మీద పెట్టి చూసుకుని, మూసిన రెప్పల మీద పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, మళ్లీ మళ్లీ ముంచాల్సిందే. తర్వాత పైరెప్పను కిందికి, కిందిరెప్పను పైకి వేలితో మెల్లగా నిమరాలి. రోజుకు రెండుసార్లు, కనీసం ఆరు వారాలు. మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది నాలుగు రోజులు చేసి మానేసి, లేజర్ ఎంతవుతుందని అడుగుతారు!

డ్రాప్స్ రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివి అడగండి. ధర ఎక్కువే, కానీ మామూలు సీసాల్లో కలిపే బెంజాల్కోనియం క్లోరైడే కంటిని ఇంకా ఒరిపిడి పెడుతుంది. కంటి పైపొరలో వాపు (ఇన్‌ఫ్లమేషన్) తగ్గకపోతే, దాన్ని తగ్గించే సైక్లోస్పోరిన్ 0.05 శాతం చుక్కలు రాస్తాం. మొదట్లో మండుతాయి. ఫలితం తెలియడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. మూడో వారంలో పక్కన పడేస్తే డబ్బు దండగే. నీరే తక్కువైనవాళ్లకు కన్నీరు ముక్కులోకి పోయే రంధ్రానికి చిన్న ప్లగ్ పెడతాం, అదీ వాపు తగ్గాకే.

మీరు విన్న లేజర్ బహుశా ఐపీఎల్, అంటే ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్. అది లేజర్ కాదు, వెలుగు పల్స్. నూనె గ్రంథుల సమస్యకు కొందరికి బాగానే పనిచేస్తుంది. కొన్ని వారాల తేడాతో మూడు నాలుగుసార్లు చేయించుకోవాలి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు అవసరం పడొచ్చు. చర్మం బాగా నలుపైతే కాలే ప్రమాదం ఉంది కాబట్టి ముందే అడగండి. శాశ్వత చికిత్స అన్నారు. బీపీలాగే ఇదీ అదుపులో పెట్టుకునే జబ్బు. చేపనూనె మాత్రల గురించి అడగలేదు గానీ ఎవరో ఒకరు కొనిపిస్తారు. అమెరికాలో ఏడాది పాటు జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో వాటికీ, పోల్చి చూడ్డానికి ఇచ్చిన ఆలివ్ నూనెకూ తేడా కనిపించలేదు.

సెట్రిజిన్ కూడా కళ్లను ఆరబెడుతుంది. బెంగళూరులో వయ్యారిభామ మొక్క, పుప్పొడి తుమ్ములు చాలామందిని వదలవు. రోజూ మాత్ర బదులు ముక్కు స్ప్రే సరిపోతుందేమో ఈఎన్‌టీ డాక్టరును అడగండి. ఏసీ గాలి ముఖానికి తగలకుండా కుర్చీ జరుపుకోండి. స్క్రీన్ చూస్తూ రెప్పలు సగమే ఆర్పుతుంటాం, గుర్తొచ్చినప్పుడల్లా పూర్తిగా మూసి తెరవండి.

ఒక్క సంగతి మాత్రం మీరు రాయలేదు. నోరు కూడా ఎండిపోతోందా? అన్నం మింగడానికి పక్కన నీళ్లు కావాల్సి వస్తోందా, పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయా? అలా ఉంటే కంటి డాక్టరుతో పాటు రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కూడా కలిసి, షోగ్రెన్స్ కోసం, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే జబ్బు కోసం రక్తపరీక్ష చేయించుకోండి.