షేర్‌పాయింట్ పేజీలో టీమ్ బ్లాగు కనిపించాలంటే

ఆఫీసు షేర్‌పాయింట్ పోర్టల్‌లోని ఒక పేజీలో టీమ్ సభ్యులు రాసే బ్లాగు కనిపించేలా చేయడం ఎలా అని అడిగారు. పాత బ్లాగ్ సైట్ టెంప్లేట్ జోలికి వెళ్లకండి. అది క్లాసిక్ సైట్ల (షేర్‌పాయింట్ పాత తరహా సైట్ల) కాలం నాటిది. ఇప్పుడు ఆ పనికి న్యూస్ వెబ్ పార్ట్ ఉంది, అంటే సైట్‌లో రాసిన న్యూస్ పోస్టులను పేజీలో చూపించే రెడీమేడ్ భాగం.

పేజీ తెరిచి ఎడిట్ నొక్కండి. సెక్షన్‌లో మౌస్ పెడితే ప్లస్ గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి న్యూస్ ఎంచుకోండి. సెట్టింగ్స్‌లో న్యూస్ సోర్స్ అని ఉంటుంది. టీమ్ వేరే సైట్‌లో రాస్తుంటే అక్కడ 'సెలెక్ట్ సైట్స్' ఎంచుకుని, ఆ సైట్‌కు టిక్ పెట్టాలి. చాలామంది 'దిస్ సైట్' అనే ఉంచేసి, పోస్టులు రావడం లేదని టెన్షన్ పడుతుంటారు. అంతా అయ్యాక పేజీని మళ్లీ పబ్లిష్ చేయండి.

అసలు చిక్కు పర్మిషన్ల దగ్గర వస్తుంది. ప్రతి పోస్టూ టీమ్ సైట్‌లోని సైట్ పేజెస్ లైబ్రరీలో (సైట్ పేజీలు ఉండే చోట) ఒక పేజీగా ఉంటుంది. ఆ సైట్ చూసే అనుమతి లేనివాళ్లకు మీ పేజీలో ఆ పోస్టు కనిపించదు. ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు. ఓనర్‌గా మీకు మాత్రం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి! అందుకే మామూలు ఉద్యోగి లాగిన్‌తో ఒకసారి తప్పకుండా చూడమంటాను. చదివేవాళ్లను ఆ సైట్ విజిటర్స్ గ్రూపులో చేర్చితే చాలు, రాసేవాళ్లు మెంబర్స్‌లో ఉండాలి.