ఓడిన లెక్క ముందు చూడు

స్వాతీ,

మీ ఊరి ఎన్నికల ఓట్ల లెక్కింపులో ఓడిన మర్నాడు నువ్వు ఫోన్ ఎత్తలేదు. మీ అమ్మ మాత్రం నాకు చేసి, "అక్కా, ఈ గోల ఇక చాలని నువ్వైనా దానికి చెప్పు" అంది. చెబుతాననే అన్నాను. నేను చెప్పబోయేది మాత్రం వేరు, కాబట్టి ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు.

కావాలనే మూడు వారాలు ఆగాను. ఓడిన వారంలో ఎవరేం చెప్పినా చెవికెక్కదు. స్కూల్ బోర్డుకి నేను మొదటిసారి ఓడినప్పుడు మీ పెదనాన్న "పోనీలే" అంటే కోపమొచ్చింది, ఏమీ అనకుండా ఊరుకుంటే ఇంకా కోపమొచ్చింది.

హార్వే మిల్క్ పేరు నీకు తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో ఒకటో టెర్మినల్‌కి ఆయన పేరే పెట్టారు. గే అని దాచుకోకుండా ఎన్నికల్లో గెలిచినవాడనీ, సిటీ హాల్లోనే కాల్చి చంపారనీ మీరంతా చదువుకున్నారు. నువ్వు చూడాల్సింది ఆ రెంటికీ ముందున్న నాలుగేళ్లు. అందులో మూడు ఓటములున్నాయి.

మేము 1976లో ఆ ఊళ్లోనే కాపురం పెట్టాం. ఆయన కెమెరా షాపున్న కాస్ట్రో స్ట్రీట్ మా ఇంటికి ఒక బస్సు దూరం. "అటు వెళ్లకండమ్మా" అని ముందొచ్చిన మనవాళ్లు చెప్పారు, మేమూ సరేనన్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన్ని నేను టీవీలోనే చూశాను. ఆయన గురించి చదివింది చాలా ఏళ్ల తర్వాత, నేను ఓడి ఇంట్లో కూర్చున్నప్పుడు.

ఆయన పుట్టుకతో రాజకీయ నాయకుడేమీ కాదు. న్యూయార్క్ దగ్గర 1930లో పుట్టాడు, లెక్కలు చదివాడు, నేవీలో చేశాడు, స్కూల్లో పాఠాలు చెప్పాడు, వాల్ స్ట్రీట్‌లో ఉద్యోగం చేశాడు. 1964లో గోల్డ్‌వాటర్ అనే పక్కా రిపబ్లికన్ కోసం ప్రచారం కూడా చేశాడు. నలభై దాటాక ఇక్కడికొచ్చి, చేతిలో మిగిలిన వెయ్యి డాలర్లతో షాపు తెరిచాడు. ఒకరోజు ప్రభుత్వం మనిషి వచ్చి సేల్స్ టాక్స్ డిపాజిట్‌గా వంద డాలర్లు కట్టమన్నాడు. ఇంకోరోజు ఒక టీచర్ వచ్చి, స్కూల్లో ప్రొజెక్టర్ పనిచేయట్లేదు, అరువివ్వండని అడిగింది. మనిషికి ఒళ్లు మండింది, 1973లో సూపర్‌వైజర్ పదవికి, అంటే ఊరి కౌన్సిల్ సభ్యుడిగా, నిలబడ్డాడు. జుట్టు పోనీటెయిల్, డబ్బు లేదు. 32 మందిలో పదో స్థానం వచ్చింది.

ఇక్కడ ఆగు. అప్పట్లో ఒక్కో సూపర్‌వైజర్‌ని ఊరు ఊరంతా ఎన్నుకునేది. ఆయనకి పడినవి సుమారు 17 వేల ఓట్లు, అవి ఎక్కువగా ఆయన పేట చుట్టుపక్కలవే. పేటకొకరిని ఎన్నుకునే పద్ధతి ఉండి ఉంటే ఆ ఏడే గెలిచేవాడు. 1976లో ఊరివాళ్లు ఓటేసి ఆ పద్ధతి తెచ్చుకున్నారు, 1977లో ఐదో డిస్ట్రిక్ట్ నుంచి, అంటే తన పేట నుంచి, గెలిచాడు. మీ ఊళ్లో కూడా ఇప్పుడు డిస్ట్రిక్టులే కదా. కాబట్టి మొదటి పని: కౌంటీ వాళ్లు ప్రిసింక్టుల వారీగా, అంటే ఒక్కో పోలింగ్ ప్రాంతం వారీగా, పెట్టే లెక్క తీసి ముందేసుకో. "పదిహేను వందల ఓట్లతో ఓడాను" అనే మాట ఎందుకూ పనికిరాదు. ఏ వీధిలో ఓడావు? ఏ అపార్ట్‌మెంట్ల దగ్గర నీ పేరే తెలియదు? నేను ఓడినప్పుడు వంటింటి బల్ల మీద మ్యాప్ పరిచి, గెలిచిన చోట పచ్చ హైలైటర్, ఓడిన చోట గులాబీ పూశాను. గులాబీ అంతా స్కూలుకి అటువైపు కొండ మీదే ఉంది. ఆ కొండ ఎక్కడానికి బద్ధకించి, అక్కడి వాళ్లకి కరపత్రాలు పోస్టులో పంపాను. సాంబారు పొంగి స్టవ్వంతా పాడైంది కానీ ఆ రోజు నాకు విషయం అర్థమైంది.

రెండోది కాస్త చేదుగా ఉంటుంది. "మనవాళ్లంతా నాకే వేస్తారు పెద్దమ్మా" అన్నావు. సంక్రాంతి సంబరాలకి హాలు నిండిపోతుంది, నిజమే. అందులో హెచ్-వన్ మీదున్నవాళ్లెంతమంది, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవాళ్లెంతమంది? సిటిజన్ అయినా ఓటరుగా నమోదు చేసుకోనివాళ్లు? వాళ్లందరూ నీ ఫొటోకి లైకు కొడతారు, పులిహోర తెస్తారు, ఓటు మాత్రం వేయలేరు.

మిల్క్ ఏం చేశాడో చూడు. కూర్స్ అనే బీరు కంపెనీతో లారీ డ్రైవర్ల యూనియన్‌కి గొడవొచ్చింది. యూనియన్ నాయకుడు అలెన్ బెయిర్డ్ ఈయన దగ్గరకొచ్చి, మీ గేల బార్లలో ఆ బీరు అమ్మడం ఆపించగలవా అని అడిగాడు. ఆపిస్తాను, బదులుగా మావాళ్లకి డ్రైవర్ ఉద్యోగాలివ్వమన్నాడు మిల్క్. బార్లలో బీరు ఆగింది. ఆ తర్వాత కండలు తిరిగిన యూనియన్లు ఈయన వెనక నిలబడ్డాయి. తన వాళ్లు కానివాళ్లకి పనికొచ్చాడు, అదీ ఓటు అడగకముందే. నువ్వు మీ వీధిలో మెక్సికన్ దుకాణం ఆయనకి పార్కింగ్ గొడవలో సాయం చేశావా? ఆయన ఓటరు అవునో కాదో కూడా నీకు తెలియదు.

1975లో జుట్టు కత్తిరించి, సూటు వేసి నిలబడి ఏడో స్థానంలో ఆగిపోయాడు. సీట్లు ఆరే. మరుసటి ఏడు అసెంబ్లీకి పోటీచేసి నాలుగు వేల కంటే తక్కువ ఓట్లతో ఆర్ట్ ఆగ్నోస్ చేతిలో ఓడాడు. ప్రచారంలో ఈ ఆగ్నోసే ఆయనతో అన్నాడట: ఎప్పుడూ వీళ్లని తరిమెయ్యాలి అంటావే గానీ, నువ్వొస్తే ఏం చేస్తావో చెప్పవు, వినేవాళ్లు దిగాలుపడి ఇంటికెళ్తారు అని. ప్రత్యర్థి చెప్పిన మాట విని ఉపన్యాసం మార్చుకున్నాడు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నీ వీడియోలు రెండోసారి చూశాను. పన్నెండు నిమిషాల్లో మేయర్ పేరు పదిసార్లు వచ్చింది, మీ లైబ్రరీ వేళల సంగతి ఒక్కసారీ రాలేదు.

గెలిచాక ఏం చేశాడంటావా? ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో గేలపై వివక్ష చూపకూడదన్న చట్టం తెచ్చాడు, ఒక్కరు తప్ప అందరూ ఓటేశారు. కానీ ఊరంతా నవ్వుకుంటూ గుర్తుపెట్టుకున్నది కుక్కల చట్టం. కుక్కని తిప్పేవాడే దాని మలం ఎత్తాలని. విలేకరుల్ని డ్యూబోస్ పార్కుకి పిలిచి, మాట్లాడుతూ నడుస్తూ కెమెరాల ముందు సరిగ్గా అందులోనే కాలు వేశాడు. పొరపాటున కాదు. గంట ముందే వచ్చి చోటు చూసుకున్నాడు.

నీకొచ్చిన ఆ బెదిరింపు ఈమెయిళ్ల గురించి కూడా రాయాలి. ఆయనకి అలాంటివి చాలా వచ్చేవి. పదవి చేపట్టకముందే, తనని చంపేస్తే వినమని టేపు రికార్డు చేసిపెట్టాడు. చివరికి చంపింది ఆ ఉత్తరాలు రాసినవాడు కాదు, ఆ వివక్ష వద్దన్న చట్టానికి అడ్డం ఓటేసిన తోటి సూపర్‌వైజర్ డాన్ వైట్. రాజీనామా చేసి, మళ్లీ పదవి కావాలంటే మేయర్ మాస్కోన్ ఇవ్వననేసరికి, 1978 నవంబర్ 27న తుపాకీతో సిటీ హాల్లోకి బేస్‌మెంట్ కిటికీలోంచి దూరాడు. ముందు మేయర్‌ని, తర్వాత మిల్క్‌ని కాల్చాడు. ఆయన పదవిలో ఉన్నది పదకొండు నెలలు కూడా కాదు. ఆ రాత్రి కాస్ట్రో నుంచి సిటీ హాలు దాకా వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. టీవీలో చూస్తూ నేను మీ పెదనాన్నతో వెళ్దామా అన్నాను. ఆయన వద్దనలేదు. నేనే లేవలేదు.

నీకు టెన్షన్ పెట్టడానికి కాదు ఇదంతా. ఆ ఈమెయిళ్లు చెరిపేయకు, పోలీసులకివ్వు. ఫ్లయర్ల మీద ఇంటి అడ్రస్ తీసేసి పోస్ట్‌బాక్స్ పెట్టు. తలుపులు తట్టడానికి ఒక్కదానివీ వెళ్లకు, చీకటిపడ్డాక అసలు వద్దు.

శనివారం పొద్దున్నే రా. ప్రిసింక్టు కాగితాలు ప్రింటు తీసి తీసుకురా, ఫోన్‌లో చూపిస్తే నా కళ్లకి ఆనవు. పెసరట్లు వేస్తాను. గులాబీ హైలైటర్ ఎండిపోయింది, ఒకటి కొనుక్కురా.

మీ పెద్దమ్మ