వేసవి పర్యావరణ శిబిరం: హైదరాబాద్‌లో దేన్ని ఎంచుకోవాలి?

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఏ శిబిరం మంచిదని అడిగారు. పిల్లల చేత కొలతలు తీయించి, నోటుబుక్కులో రాయించేదాన్నే ఎంచుకోండి. పోస్టర్లు, ర్యాలీలతో సరిపెట్టేవాటికి డబ్బు కట్టొద్దు.

చెరువు నీటి పరీక్ష ఉంటే, ఏ వేళకు తీసుకెళ్తారో ముందు అడగండి. మురుగు కలిసే చెరువుల్లో నాచు విపరీతంగా పెరుగుతుంది. ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి నీటిలో కరిగిన ఆక్సిజన్ రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. రాత్రంతా అదే నాచు, బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసుకోవడంతో తెల్లవారేసరికి బాగా పడిపోతుంది. చేపలు ఎక్కువగా చచ్చేది అప్పుడే. పగటి రీడింగ్ ఒక్కటే చూస్తే చెరువు బాగుందనిపిస్తుంది! అందుకే ఒకే చోట ఉదయం ఆరులోపు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవాలి. నీటి నమూనా తీసే సీసాను నీళ్లలో ముంచి, లోపలే మూత బిగించాలి. గాలి బుడగ మిగిలితే లెక్క తప్పుతుంది.

పక్షుల లెక్కకైతే, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు చక్కటి చోటు.

కంపోస్టు నేర్పితే, తడి చెత్త ఒక వంతుకు ఎండుటాకులు రెండు వంతులు వేయాలి. ఆకులు తగ్గితే కుళ్లు వాసన. మే ఎండకు కుప్ప ఆరిపోతే పని ఆగిపోతుంది, నీళ్లు చిలకరించాలి. వారం రోజుల్లో ఎరువు తయారవదు, కాబట్టి బిన్ను ఇంటికి పంపిస్తారేమో కనుక్కోండి.